కంటి డాక్టరంటే ఎవరు?

కళ్ళజోడుకు నంబరు చూసేవారూ, శుక్లం తీసేవారూ మన మాటలో ఇద్దరూ కంటి డాక్టర్లే. అమెరికాలో ఈ తేడా శాసనసభల కెక్కింది. మొదటివారు ఆప్టామెట్రిస్టులు. వారికీ నాలుగేళ్ళ కంటి చదువున్నది గాని, వైద్యకళాశాలలో శస్త్రచికిత్స నేర్చినవారు రెండవవారే.

శుక్లం ఆపరేషనైన కొన్నాళ్ళకు కటకం వెనుక పొర మసకబారితే, లేజరుతో అందులో దారి చేస్తారు. ఇటువంటి లేజరు చికిత్సలు ఆప్టామెట్రిస్టులూ చేయవచ్చునని 1998లో ఓక్లహోమా, 2011లో కెంటకీ చట్టం చేశాయి. పల్లెవారికి వైద్యం దగ్గరవుతుందని వాదన. 2022లో కాలిఫోర్నియా శాసనసభ ఒప్పుకున్నా, శిక్షణ చాలదని గవర్నరు బిల్లును తిప్పి పంపారు.

నాకు గవర్నరుగారి మాటే నచ్చింది. దూరమైతే మరొక పూట ప్రయాణం. చూపు పోతే తెచ్చేదెవరు? లేజరు ముందు కూర్చునేముందు, "అయ్యా, తమరేం చదివారు?" అని మనమూ అడగడం మర్యాదకు లోపం కాదు.