చదివిన గంటలకు లెక్క అడుగుదాం! సోమవారం లైబ్రరీ మెట్ల దగ్గరికి రండి!

తోటి స్కాలర్లారా!

పండక్కి ఊరికి పోతే అడుగుతారు: "ఇంకా చదువుతనే ఉన్నవా బిడ్డా?" తెలుగులోనో, చరిత్రలోనో, ఉర్దూలోనో పీహెచ్‌డీ అంటే నీడపట్టున కూర్చుని పుస్తకాలు తిరగేయడమేనని వాళ్ల ఊహ. వాళ్లను ఏమీ అనలేం. మనకు సీటిచ్చిన యూనివర్సిటీ కూడా అలాగే అనుకుంటోంది, కడుపు మండేది అక్కడే.

మనలో చాలామంది రోజు ఎలా గడుస్తుందో మనకు తెలుసు. పొద్దున ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రెండు క్లాసులు. క్లాసుకింత అని ఇస్తారు, సెలవులొస్తే అదీ లేదు. మధ్యాహ్నం డిపార్ట్‌మెంటులో సార్ చెప్పాల్సిన క్లాసు, ఇంటర్నల్ పరీక్షల పేపర్ల కట్ట, ఇన్విజిలేషన్. సెమినార్ ఉందంటే బ్యానర్ కట్టడం నుంచి అతిథులను రైలెక్కించేదాకా మనమే. ఇవన్నీ ముగించుకుని సొంత పనికి కూర్చుందామంటే ఆర్కైవ్స్ మూసే వేళవుతుంది.

ఆ సొంత పని ఎలాంటిదో బయటివాళ్లకు చెప్పాలి. గోలకొండ పత్రిక మీద పనిచేసే స్కాలర్‌నే తీసుకోండి. 1926లో మొదలైన ఆ పత్రిక సంచికలు వెతుక్కుంటూ సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం మెట్లెక్కాలి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రంలో అడగాలి, అక్కడా ఇక్కడా దొరకని పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం దాకా రైలెక్కాలి. పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలతాయి. ఫొటో తీయనివ్వని చోట చేత్తోనే ఎత్తి రాసుకోవాలి. పొద్దుగూకేదాకా కూర్చుంటే నోట్‌బుక్‌లో పది పేజీలు నిండుతాయి. థీసిస్‌లో అదంతా కలిపి ఒక్క ఫుట్‌నోట్. ఆ ఒక్క ఫుట్‌నోట్ తప్పయితే చరిత్రే తప్పుగా నిలిచిపోతుంది, అందుకే తొందరపడలేం.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి బదులిచ్చారు. ఊరూరి నుంచి పద్యాలు రప్పించి, చదివి, ఎంచి, అచ్చుకు పంపడం ఎంత చాకిరో ఊహించండి. మనం నేర్చుకుంటున్నది ఆ చాకిరే.

మరి దీనికి దక్కుతున్నదేమిటి? జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000. అది రానివాళ్లకు సెంట్రల్ యూనివర్సిటీలో అయితే 8,000. 2015లో యూజీసీ దాన్ని కూడా ఆపేస్తామంటే విద్యార్థులు ఢిల్లీలో ఆ ఆఫీసు ముందే రాత్రింబవళ్లు కూర్చుని కాపాడుకున్నారు. అప్పుడూ అదే 8,000, ఆ తర్వాతా పెరగలేదు. స్టేట్ యూనివర్సిటీలో ఉన్న మనకు ఆ పథకమే వర్తించదు. జేఆర్ఎఫ్ వాళ్ల కంటింజెన్సీలోనూ తేడా ఉంది: మొదటి రెండేళ్లు సైన్సు వాళ్లకు ఏడాదికి 12,000, ఆర్ట్స్ వాళ్లకు 10,000. రైలు చార్జీలకు, లాడ్జికి, జిరాక్సులకు, తెలుగు థీసిస్ డీటీపీకి ఖర్చు కాదా?

యూజీసీ 2022 నిబంధనల్లోనే ఒక మాట ఉంది. స్కాలర్‌కు బోధన, పరిశోధన సాయం పనులు అప్పగిస్తే వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు. మీకు ఎన్ని గంటలు పడుతున్నాయి? ఆరేళ్ల గడువు గడియారం మాత్రం మన పేపర్ల కట్టల కోసం ఒక్క పూటైనా ఆగదు. సెమిస్టర్ తిరిగేసరికి కమిటీ ముందు ప్రోగ్రెస్ చూపించాల్సిందే.

గైడ్లతో మనకు తగాదా లేదు. ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి నింపకపోతే ఉన్నవాళ్ల మీద పడ్డ బరువు మన మీదికి జారుతోంది. అందుకే పోస్టులు భర్తీ చేయమనడం కూడా మన డిమాండే. ఫెలోషిప్ లేని ప్రతి స్కాలర్‌కు నెలనెలా భృతి ఇవ్వాలి. ఆరు గంటలు దాటిన ప్రతి క్లాసుకూ డబ్బు కట్టాలి. లైబ్రరీ రాత్రి 12 దాకా తెరవాలి, అమ్మాయిల హాస్టల్ గేటు కూడా దానికి తగ్గట్టే తెరిచి ఉండాలి. గేటు ముందే మూసేస్తే లైబ్రరీ తెరిచి వాళ్లకేం లాభం?

వచ్చేటప్పుడు ఒక తెల్లకాగితం తెండి. పోయిన వారం ఏ పనికి ఎన్ని గంటలు పోయాయో రాయండి: క్లాసులు, పేపర్లు, సెమినార్ పనులు, బయటి ఉద్యోగం, చివర్లో మీ సొంత చదువు. మీ పేరు వద్దు, గైడ్ పేరు అసలే వద్దు. రేపు సంతకం కావాల్సినవాళ్ల భయం మాకూ తెలుసు, మాకూ ఉంది. కాగితాలన్నీ కట్టగట్టి, ఊరేగింపుగా వెళ్లి వీసీ గారి చేతికిద్దాం. రాలేనివాళ్లు కాగితం మడిచి పక్కగది వాళ్లతో పంపండి.

సోమవారం, పొద్దున 10 గంటలకు, లైబ్రరీ మెట్ల దగ్గర.

– ఆర్ట్స్ పరిశోధక విద్యార్థులు