మూలన పెట్టిన నల్ల పెట్టె

కిందటి దసరాకి మా వారు సౌండ్‌బార్ కొన్నారు. టీవీ కింద పెట్టుకునే పొడుగాటి పట్టీ ఒకటి, దానికి తోడు బియ్యం డబ్బా అంత నల్ల పెట్టె ఒకటి. పట్టీ ఎక్కడ పెట్టాలో ఎవరికీ సందేహం రాలేదు. ఆ నల్ల పెట్టె, అదే సబ్‌వూఫర్, ఎక్కడ పెట్టాలన్నది మాత్రం నాకొదిలేశారు. ఇల్లు సర్దేది నేనే కదా! సోఫా వెనక మూలలో, మనీప్లాంట్ కుండీ చాటున దూర్చేశాను. అక్కడైతే కంటికి కనబడదు, కాలికి తగలదు, తడిగుడ్డ పెట్టేటప్పుడు అడ్డం రాదు. పైగా ప్లగ్ పాయింట్ కూడా అక్కడే ఉంది. వైర్‌లెస్ అంటారు గానీ కరెంటు వైరు తప్పదుగా.

మా వారూ, మా అబ్బాయీ తెగ మురిసిపోయారు. ఫైట్లొస్తే హాలంతా దద్దరిల్లేది. నాకు మాత్రం మాటలు సరిగ్గా వినబడేవి కావు. మాటలప్పుడు సౌండ్ పెంచడం, పాటొస్తే తగ్గించడం, సినిమా అంతా రిమోట్‌తోనే సరిపోయేది. నా చెవులే మందగించాయేమో అనుకున్నాను.

ఇంతలో మా అత్తయ్యగారు "గుండెల్లో ఏదో దడదడగా ఉంటోందే అమ్మాయ్" అనడం మొదలుపెట్టారు. ఆవిడకి 78 ఏళ్లు. భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. అయినా ఆ దడ పోలేదు. ఎక్కువగా రాత్రిపూటే అనేవారు. పెద్దతనం అనుకుని మేం సరిపెట్టుకున్నాం. ఆవిడా చెప్పడం మానేశారు.

ఒక ఆదివారం ఆవిడ మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు, తలనొప్పిగా ఉందని నేను ఆవిడ మంచం మీద నడుం వాల్చాను. హాల్లో మా వాడు సినిమా పెట్టాడు. తలుపు వేసే ఉంది. మాటలు ఒక్కటీ వినబడలేదు, కానీ మంచం సన్నగా అదిరింది. ఆ అదురు వీపులోంచి గుండెల్లోకి వచ్చింది. కిటికీలో మంచినీళ్ల చెంబు మీద మూత చిటచిటమని కొట్టుకుంటోంది. లేచి గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఆ గోడకి అవతలి పక్కే నా మనీప్లాంట్ కుండీ.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఈసీజీ తీయించడం తప్పు కాదు, ఆ వయసులో తీయించాల్సిందే. కానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని, ఆ మంచం మీద ఒక్కసారి పడుకుని ఉంటే ఎప్పుడో తెలిసేది.

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుందట. 40 హెర్ట్జ్ బేస్ అయితే ఒక్కో అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. మా హాలు పొడవే ఐదు మీటర్లు! అంత పెద్ద అలని మామూలు ఇటుక గోడ ఆపలేదు, తలుపు అసలే ఆపలేదు. పైగా మూలన పెడితే రెండు గోడలూ, నేలా కలిసి దాన్ని ఇంకా పెంచుతాయి. మోత ఎక్కువవుతుంది, ఆ మోతలో మాటలు మునిగిపోతాయి. అంటే నా చెవులకి ఏ దోషమూ లేదన్నమాట.

"బేస్ ఎటునుంచి వస్తోందో చెవికి తెలీదు, ఎక్కడ పెట్టినా ఒకటే" అని కొన్నప్పుడు మా వారికి ఎవరో చెప్పారట. అది సగం నిజమే. 80 హెర్ట్జ్‌కి లోపలున్న శబ్దాల విషయంలో ఆ మాట చాలావరకు సరే. కానీ సౌండ్‌బార్ సన్నగా ఉంటుంది కాబట్టి, అంతకన్నా పైనున్న శబ్దాలు కూడా కొన్ని ఈ పెట్టె మీదే వేస్తారు. మగవాళ్ల గొంతులోని బొంగురు అందులోకే వస్తుంది. అందుకే మా ఇంట్లో హీరో టీవీలో మాట్లాడుతుంటే గొంతు సగం సోఫా వెనకనుంచి వచ్చేది. బుర్రకథలో డక్కీలు వాయించే వంతలు కథకుడికి అటూ ఇటూ నిలబడతారు గానీ జనం వెనక్కిపోయి నిలబడరు కదా. పెట్టె కూడా టీవీ ఉన్న వైపే ఉండాలి.

సరైన చోటు వెతకడానికి ఒక చిత్రమైన పద్ధతుంది. మనం కూర్చునే చోట, సోఫా మీదే, పెట్టెని పెట్టి బేస్ బాగా ఉన్న పాట వేయాలి. తర్వాత నేల మీద పాకుతూ, పెట్టె పెట్టడానికి వీలున్న చోటల్లా తల వంచి వినాలి. ఒకచోట గుబగుబలాడుతుంది, ఇంకోచోట అసలు వినబడదు. ఎక్కడ నిండుగా, సమంగా వినబడితే అక్కడ పెట్టెని పెట్టాలి. మా వారికి మోకాళ్ల నొప్పులు. చీర కుచ్చిళ్లు దోపుకుని నేనే పాకాను. అప్పటికి తిరిగొచ్చేసిన అత్తయ్యగారు చూసి చూసి "ఏం పోయిందే, చెవి దుద్దా?" అన్నారు.

చివరికి టీవీ స్టాండుకి కుడిపక్క, పక్కగోడకి రెండున్నర అడుగుల దూరంలో చోటు దొరికింది. గాలి పోయే రంధ్రం మా పెట్టెకి వెనక ఉంది కాబట్టి వెనకగోడకి జానెడు ఎడం వదిలాం. కింద పాత యోగా మ్యాట్ ముక్క మడిచి వేశాం, కింది వాటా వాళ్లకి అదురు తగ్గుతుందని. ఆ తర్వాతే రిమోట్‌లో బేస్ రెండు మెట్లు తగ్గించాం. "ముందే సౌండ్ తగ్గించేస్తే పోయేదిగా" అంటారేమో. మొత్తం తగ్గిస్తే మాటలూ తగ్గుతాయి. ముందు చోటు సరిచూడాలి, తర్వాతే సౌండ్. నేను చదివింది తెలుగు బీఏ. యతి స్థానం తప్పితే ఎంత మంచి మాటైనా పద్యంలో కుదరదని మా మేష్టారు చెప్పేవారు. ఉత్పలమాలకి పదో అక్షరం, చంపకమాలకి పదకొండోది. ఇదీ అంతే.

నా అభిప్రాయం ఒకటుంది. ఈ సలహాలన్నీ సోఫా మధ్యలో కూర్చునే మనిషి కోసం చెప్పినవి. మన ఇళ్లల్లో టీవీ చూసేవాళ్లు కొందరైతే, చూడకుండానే భరించేవాళ్లు ఇంకొందరు. పక్కగదిలో పెద్దవాళ్లుంటారు, చదువుకునే పిల్లలుంటారు, కింద వాటాలో పసిపిల్లల తల్లి ఉంటుంది. సోఫాలో బాగుందా అని చూశాక, గోడవతల ఎలా ఉందో కూడా చూడాలి. రెండూ కుదరకపోతే గోడవతలి మనిషి మాటే నెగ్గాలి. మనకి సినిమా రెండు గంటలు. ఆవిడకి ఆ మంచం రోజంతా.

మనం కూడా, కంటికి కనబడకపోతే చాలు ఇల్లు సర్దేసినట్టే అనుకోవడం మానాలి. నేను చేసింది అదే.

ఇప్పుడా పెట్టె టీవీ పక్కన వికారంగా కనబడుతూనే ఉంది. రోజూ దుమ్ము తుడవాల్సి వస్తోంది. అత్తయ్యగారు దడ మాట మళ్లీ ఎత్తలేదు. ఈ మధ్య రాత్రిళ్లు హాల్లోకొచ్చి పాత సినిమాలు కూడా చూస్తున్నారు, మాటలు అర్థమవుతున్నాయట.

మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే, ఈ రాత్రి టీవీ నడుస్తుండగా ఒకసారి వెళ్లి పక్కగది మంచం మీద ఐదు నిమిషాలు పడుకుని చూడండి.