బండి మాట మగవాళ్ళదేనా?

పోయిన నెల పులివెందులలో ఒక పెళ్ళి చూసుకుని, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు పల్లెవెలుగు బస్సులో వస్తున్నాను. నా పక్కన ఇద్దరు కుర్రాళ్ళు సెల్లులో వీడియో చూస్తూ పడీ పడీ నవ్వుతున్నారు. ఒక పొడుగాటి తెల్లాయన కారును అడ్డదిడ్డంగా నడుపుతూ ఏదో అరుస్తున్నాడు. ఎవరు నాయనా ఆయన అని అడిగాను. "జెరెమీ క్లార్క్‌సన్ మేడమ్. కార్ల గురించి ఆయనకు తెల్సినంత ఇంకెవురికీ తెల్దు" అన్నాడొకడు. ఆ కార్యక్రమంలో ఆడవాళ్ళెవరూ లేరా అన్నాను. రెండోవాడు నవ్వి, "ఆడోళ్ళకు బండ్ల సంగతేం తెలుస్తాది మేడమ్?" అన్నాడు.

వాడి మాటలో ద్వేషం లేదు. ఎండాకాలం ఎండ కాస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. అది నిజంగా అంత సహజమైన సంగతేనా, లేక ఎవరో పనిగట్టుకుని సహజం చేసిందా అని ఇంటికొచ్చి వెతికాను.

ఆ కార్యక్రమం పేరు టాప్ గేర్. 1977లో బర్మింగ్‌హామ్‌లోని బి.బి.సి. కేంద్రంలో మొదలైంది. దాని తొలి వ్యాఖ్యాతల్లో ఒకరు యాంజెలా రిప్పన్ అనే మహిళ. 1980 నుంచి 1991 దాకా అందులో కనిపించిన మరో మహిళ స్యూ బేకర్. ఆమె వృత్తిరీత్యా పాత్రికేయురాలు. 'ది అబ్జర్వర్' పత్రికలో మోటారు వాహనాల గురించి ఏళ్ళ తరబడి రాసింది. కార్లు నడిపి, పరీక్షించి, మంచీ చెడ్డా తేల్చి చెప్పింది. వందకు పైగా భాగాల్లో కనిపించింది. అప్పట్లో ఆ కార్యక్రమం కొనేవాళ్ళకు పనికొచ్చే సంగతులు చెప్పేది. ఏ బండి ధరెంత, పెట్రోలు ఎంత తాగుతుంది, ఎంత భద్రం - ఇవీ దాని ప్రశ్నలు. అంటే మన కుర్రవాడు చూసి నవ్వుతున్న కార్యక్రమానికి పునాదులు వేసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. మరి వాళ్ళ పేర్లు ముద్దనూరు దాకా ఎందుకు రాలేదు? క్లార్క్‌సన్ పేరు ఎట్లా వచ్చింది?

ఆయన ప్రయాణమూ పత్రికలోంచే మొదలైంది. 1960లో డాంకాస్టర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పాడింగ్‌టన్ ఎలుగుబంటి బొమ్మలు తయారుచేసి అమ్మారు. ఆ బొమ్మకు రూపం ఇచ్చింది తల్లి షర్లీ. కొడుకును ఖరీదైన బడిలో చదివించింది ఆ బొమ్మల వ్యాపారమే. ఆ బడి అతన్ని బయటికి పంపేసింది. ఒక చిన్న ఊరి పత్రికలో విలేకరిగా పని నేర్చుకున్నాడు. 1984లో మిత్రుడితో కలిసి మోటారు వార్తల సంస్థ పెట్టాడు. 1988లో టాప్ గేర్‌లోకి వచ్చాడు. 1999లో వదిలేసి, 2002లో అదే కార్యక్రమాన్ని కొత్తగా తయారుచేసుకుని తిరిగొచ్చాడు. పత్రికలోంచి తెరమీదికి స్యూ బేకర్ నడిచిన దారే ఇది. ఒకే దారిలో నడిచిన ఇద్దరిలో ఒకరు చరిత్రలో ఒక మూలకు పోయారు, ఇంకొకరు చరిత్రే అయ్యారు.

ఆయనకు ప్రతిభ ఉంది కదా అంటారు. ఉంది. వాక్యం ఎక్కడ విరిస్తే నవ్వు పుడుతుందో ఆయనకు తెలుసు. కానీ 2002 తర్వాత ఆ ప్రతిభ చేసిన పనేమిటి? స్టూడియోలో కుర్చీలన్నీ మగవాళ్ళవే. 2015లో ఆయన వెళ్ళిపోయే దాకా ప్రధాన వ్యాఖ్యాతల్లో ఒక్క స్త్రీ లేదు. ఎంత భద్రం అన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎంత వేగం, ఎంత మోత అన్నది ముందుకొచ్చింది. బండి అవసరం కాకుండా పోయి మగతనానికి కొలబద్ద అయింది. ఇతర దేశాలవాళ్ళనూ, పేదవాళ్ళనూ, ఆడవాళ్ళనూ వెక్కిరించి, ఎవరైనా నొచ్చుకుంటే హాస్యం తెలియదా అనడం అలవాటైంది. 2011 డిసెంబరులో ప్రసారమైన భాగం కోసం మన దేశం వచ్చి, జాగ్వార్ కారు వెనక మరుగుదొడ్డి బిగించి తిప్పారు. లండన్‌లోని మన హైకమిషన్ అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది.

2015 మార్చిలో, షూటింగు ముగిశాక వేడి భోజనం దొరకలేదని ఆయన తన కార్యక్రమ నిర్మాతను కొట్టాడు. అన్నం చల్లారిందని చెయ్యెత్తే మగవాడు మనకెవరికీ కొత్త కాదు. మన ఇళ్ళలో ఆ దెబ్బ తిన్నది ఆడవాళ్ళు, అక్కడ తిన్నది కింద పనిచేసే మగమనిషి. తేడా అంతే. బి.బి.సి. ఒప్పందం పొడిగించలేదు. అంతకు ముందే ఆయన్ని వెనక్కి తీసుకోవాలని పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. దెబ్బ తిన్నవాడి కోసం కాదు, కొట్టినవాడి కోసం! మరుసటి ఏడాదికల్లా అమెజాన్ ఆయన బృందానికి ఇంకా పెద్ద కార్యక్రమం ఇచ్చింది. 2021లో ఆయన సేద్యం మీద ఇంకొకటి వచ్చింది.

2022 నవంబరులో స్యూ బేకర్ చనిపోయింది. సరిగ్గా ఆ మరుసటి నెలలో క్లార్క్‌సన్ 'ది సన్' పత్రికలో మేఘన్ మార్కెల్ గురించి ఒక వ్యాసం రాశాడు. ఒక స్త్రీని వీధిలో ఊరేగించి అవమానించాలన్న ఊహ అందులో ఉంది. పత్రికల నియంత్రణ సంస్థకు పాతిక వేలకు పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. ఓటు హక్కు కోసం పోరాడిన మిల్లిసెంట్ ఫాసెట్ పేరు మీద ఉన్న ఫాసెట్ సొసైటీ ఫిర్యాదు చేసినవాళ్ళలో ఉంది. 2023 జూన్‌లో ఆ సంస్థ, వ్యాసం స్త్రీల పట్ల వివక్షతో కూడుకున్నదని తేల్చింది. అంతకు ముందే ఆయన కూతురు ఎమిలీ, నాన్న రాసినదానికి నేను వ్యతిరేకం అని బహిరంగంగా చెప్పింది. తల్లి బొమ్మలు చేసి చదివించింది, కూతురు తప్పు చెప్పి నిలబడింది. మధ్యలో ఆయన మాత్రం ఎక్కడా ఆగలేదు. 2024లోనూ, 2025లోనూ కొత్త భాగాలు వచ్చాయి.

పడిన ప్రతిసారీ ఇంకో మెట్టు పైన లేవడం మగవాడికే సాధ్యమయ్యే వృత్తి జీవితం. ఇందులో ఒక్క సంఘటన ఒక పాత్రికేయురాలి జీవితంలో జరిగి ఉంటే, ఆమెకు ఇంకో అవకాశం వచ్చేదా?

ఎక్కడో ఇంగ్లండు సంగతి మనకెందుకు అని మీలో కొందరైనా అనుకోవచ్చు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య పుట్టి పెరిగినదాన్ని. బండి మగతనం కావడం నాకు తెర మీద తెలిసిన సంగతి కాదు. మా చిన్నాయన జీపు కొన్నప్పుడు ఇంట్లో ఆడవాళ్ళంతా వెనక బెంచీల మీద మోకాళ్ళు తగిలించుకుని కూర్చున్నాం. దాని చక్రాల గురించి నేనేదో అడిగితే "నీకెందుకుమ్మే బండ్ల సంగతి?" అన్నాడు. 1994లో టాటా సుమో వచ్చింది. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక, సీమ అంటే బారులు తీరిన సుమోలు అని సినిమా దేశమంతటికీ నేర్పింది. ఆ బండ్లు దుమ్ము లేపి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళ కథ ఏ కెమెరాకూ అక్కర్లేకపోయింది. 2019లో సుమో తయారీ ఆగిపోయింది. ఆ మోత మాత్రం మగపిల్లల బుర్రల్లో ఆగలేదు. క్లార్క్‌సన్ అంత సులువుగా మా బస్సెక్కడానికి కారణం, ఆయన కోసం ఇక్కడ సీటు ఎప్పుడో సిద్ధమై ఉండడమే.

దీనివల్ల పోయేది గౌరవం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చునేమో. పోయేది ప్రాణం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు మోటారు సైకిలు వెనక ఒక పక్కకు కూర్చుని వచ్చే ఆడవాళ్ళను చూడండి. వెనక చక్రంలో సగమైనా కప్పి, వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చుట్టుకోకుండా కాపాడే అమరిక ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. మనం చీర గార్డు అనేది దాన్నే. అందం చెడిందని దాన్ని పీకించేసే కుర్రాళ్ళను మా వీధిలోనే చూశాను. ఏ బండి విమర్శకుడైనా ఆ గార్డు గట్టిదా కాదా అని చెప్పగా విన్నారా? 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికా ప్రమాదాల లెక్కలు తీశారు. అదే తీరు ప్రమాదంలో, బెల్టు పెట్టుకున్నా, కారు నడిపే స్త్రీకి తీవ్ర గాయాలయ్యే అవకాశం మగవాడి కన్నా 47 శాతం ఎక్కువని తేలింది. కార్లను ఢీకొట్టి పరీక్షించే బొమ్మల్ని దశాబ్దాలుగా ఎక్కువగా మగదేహం కొలతలతోనే చేశారు. సగటు స్త్రీ దేహం కొలతలతో ఒక బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం చూపించేసరికి 2022 వచ్చింది. బండి గురించి మాట్లాడే చోట ఆడవాళ్ళు లేకపోతే, బండి తయారయ్యే చోట ఆడదేహం గుర్తుకు రాదు.

హాస్యాన్ని హాస్యంగా తీసుకోమంటారు. నవ్వు ఎవరి వైపు నుంచి ఎవరి మీదికి పారుతుందో చూడకుండా ఎట్లా తీసుకోవాలి? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. ఆ రోజు నుంచి నేను వింటున్న జోకులన్నీ ఆడవాళ్ళ మీదే - పనిలేక తిరుగుతాండారని, సీట్ల కోసం కొట్టుకుంటాండారని. ఏళ్ళ తరబడి పనిలేక తిరిగిన మగవాళ్ళ మీద ఒక్క జోకూ పుట్టలేదు. బండి మీద కూర్చున్నవాడిదే నవ్వే హక్కు అన్న క్లార్క్‌సన్ సూత్రం ఇదే.

జమ్మలమడుగులో దిగేటప్పుడు ఆ కుర్రవాడికి స్యూ బేకర్ పేరు చెప్పలేకపోయాను, అప్పటికి నాకే తెలియదు. అది నా తప్పు మాత్రమే కాదు, తెలియకుండా చేసినవాళ్ళున్నారు. కానీ ఇప్పుడు తెలిసింది. మన పత్రికల్లో కథలకు, కవితలకు, వంటకు, ఒంటికి చోటుంది. బస్సు మెట్టు ఎత్తు గురించి, చీర గార్డు గురించి, చీకటి పడ్డాక బస్‌స్టాండులో వెలగని లైటు గురించి రాసే చోటు కూడా కావాలి. బండి మాట మనమే ఎత్తుకోవాలి. అన్నేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళం, ఏ గుంతలో ఏ బండి ఎంత కుదిపిందో మనకంటే ఎవరికి తెలుసు?