ముఖమొకరిది, గొంతుక వేరొకరిది



కొలంబియానుండి అమెరికాకు వలసవెళ్ళిన సోఫియా వెర్గారా అనే నటీమణిని మీలో కొందఱెఱుగుదురు. 2009 మొదలు 2020 వఱకు ప్రసారమైన 'మోడర్న్ ఫ్యామిలీ' ధారావాహికలో ఆమె గ్లోరియా పాత్ర ధరించింది. స్పానిషు యాసతో ఆమె పలికే ఇంగ్లీషుమీదనే ఆ పాత్రలోని హాస్యం చాలవఱకు అల్లుకొన్నది. ఆ యాసవల్లనే తనకు దక్కే వేషాలు పరిమితమని ఆమె స్వయంగా చెప్పుకొన్నది. 2024లో వచ్చిన 'గ్రిసెల్డా'లో ఎక్కువభాగం తన మాతృభాషలోనే మాట్లాడి, ప్రధాన నటిగా ఎమ్మీ పురస్కారపు పోటీలో నిలిచింది.

మనవైపు ఇట్టి కథ లేకపోలేదు. బెంగుళూరులో పుట్టిన బి. సరోజాదేవి 1955లో 'మహాకవి కాళిదాస'తో కన్నడ తెరకెక్కి, 'పాండురంగ మహత్యం'తో తెలుగునకు, 1958లో 'నాడోడి మన్నన్'తో తమిళ ప్రేక్షకుల గుండెలలోనికి నడచివచ్చింది. ఆమె తమిళంలో కన్నడపు తీపి వినబడేది. తమిళులు దానిని తప్పుపట్టక, 'కన్నడత్తు పైంగిళి', అనగా కన్నడపు పచ్చని చిలుక, అని బిరుదిచ్చి నెత్తిన పెట్టుకొన్నారు. 2025 జూలై 14న ఆమె కన్నుమూసినపుడు మూడు రాష్ట్రాలవారూ తమ మనిషి పోయినట్లే దుఃఖించారు.

మఱి ఇప్పటి మన తెలుగు తెర మాటేమి? పొరుగు రాష్ట్రంనుండి వచ్చిన నాయిక ముఖం మనకు కావాలి, గొంతు అక్కఱలేదు. 'ఏ మాయ చేసావె' (2010)లో సమంతకు చిన్మయి గాత్రమిచ్చింది. ఆ గాత్రదానం గొప్పకళయే, దానిని చులకనచేయను. కాని 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి తెలంగాణ మాండలికం నేర్చి తానే పలికినపుడు జనం ఎంత మురిసిపోయారో చూచితిమి కదా! నేర్చుకొనే అవకాశం ముందివ్వాలి, గొంతు మార్చుట తరువాతి మాట. ఇదే నా అభిప్రాయం.

ఈ మాట చెప్పే అర్హత నాకున్నదా అని సందేహం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో తెలుగు చెప్పి విరమించినవాడను. కుప్పం చుట్టుప్రక్కల ఒక బడిలో ఉన్నపుడు వార్షికోత్సవానికి ద్రౌపది నాటకం వేయించాను. ఇంట తమిళం మాట్లాడే ఒక బాలిక అభినయంలో అందఱినీ మించినది. అయితే 'ధర్మరాజా' అనుమంటే 'తర్మరాజా' అనేది. వత్తులు పలుకకున్న పండితుని చెవికి ముల్లు గ్రుచ్చుకొన్నట్లే కదా. రెండురోజులు దిద్ది, విసిగి, ఆ పిల్లను పెదవులు మాత్రం కదలించుమని, తెరవెనుకనుండి వేఱొక బాలికచేత సంభాషణలు చదివించాను. చప్పట్లు మ్రోగినవి. నాటకం కాగానే ఆ పిల్ల వచ్చి, "అయ్యవారూ, నేను బాగా చేసినానా, ఆ యక్క బాగా చేసిందా?" అని అడిగింది. నేనేదో అని తప్పించుకొన్నాను. మఱుసటి ఏడు ఆ పిల్ల నాటకానికి పేరివ్వలేదు.

రెండురోజులకు బదులు ఇరువది రోజులు దిద్దియుంటే 'ధ' వచ్చియుండేది. ఒకవేళ రాకున్నా ఏమి? మూడు భాషలు కలిసే కుప్పపు నేలమీద ద్రౌపదికి కాస్త తమిళపు యాస ఉంటే సభ కూలిపోయేదా? 'బిన్నా రా' అని వ్రాసిన పిల్లల మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి 'త్వరగా' అని దిద్దినవాడనూ నేనే.

1919లో మదనపల్లెకు విచ్చేసిన రవీంద్రుని 'జనగణమన' బాణీని స్వరపఱచినది ఐర్లండునుండి వచ్చిన మార్గరెట్ కజిన్స్. పరాయి చెవి, పరాయి నాలుక అని ఆనాడు ఎవరైనా ఆమెను ప్రక్కకు నెట్టియుంటే నష్టపడినది మనమే.

ఉచ్చారణ నేర్పవలసినదే, అది గురువు పని. నేర్పకుండా గొంతు మార్చుట మాత్రం గురువు పని కాదు. ఆ బాలిక ఎక్కడున్నదో గాని, ఆమె ప్రశ్నకు నా ఆలస్యపు సమాధానమిది: నీవే బాగా చేసినావమ్మా.