అండమాన్ సబ్‌స్టేషన్లు: స్థానిక యువతకు శిక్షణే విద్యుత్ భద్రతకు పునాది

అప్రెంటిస్ శిక్షణను దేశంలో సాధారణంగా ఉపాధి పథకంగానే చూస్తారు. ఐటీఐ పూర్తిచేసిన యువకుడికి ఏడాదిపాటు స్టైపెండు, చివర్లో ఒక ధ్రువపత్రం, ఆపై ఉద్యోగాన్వేషణ; చర్చ అంతటితో ముగుస్తుంది. అండమాన్ నికోబార్ దీవుల్లోని విద్యుత్ సబ్‌స్టేషన్ల విషయంలో మాత్రం ఈ దృష్టి సరిపోదు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్‌ను, బ్రేకర్‌ను, ఎర్తింగ్‌ను చక్కగా చూసుకోగల స్థానిక సిబ్బందిని తయారుచేయడమంటే విద్యుత్ సరఫరా భద్రతకే పునాది వేయడం. డీజిల్‌పై ఆధారపడిన వ్యవస్థలోకి సౌరవిద్యుత్తు, బ్యాటరీలు ప్రవేశిస్తూ, భారీ నిర్మాణాలు ప్రతిపాదనలో ఉన్న ఈ దశలో ఆ శిక్షణ ఎలా సాగాలన్నది కీలక ప్రశ్నగా మారింది.

పొరుగు లేని గ్రిడ్

ప్రధాన భూభాగంలో ఒక సబ్‌స్టేషన్ మొరాయిస్తే పక్క సబ్‌స్టేషన్ నుంచి సరఫరా మళ్లించే వీలుంటుంది. ఒక రాష్ట్రంలో ఉత్పత్తి తగ్గితే జాతీయ గ్రిడ్ ఆదుకుంటుంది. అండమాన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఈ ద్వీపమాల జాతీయ గ్రిడ్‌తో అనుసంధానం కాలేదు. దీవులన్నిటినీ కలిపే ఉమ్మడి గ్రిడ్ కూడా లేదు. ఏ దీవికి కావలసిన విద్యుత్తును చాలావరకు ఆ దీవిలోనే ఉత్పత్తి చేసుకోవాలి. 2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున ఇంటర్నెట్‌ను మోసుకొచ్చిందే తప్ప కరెంటును కాదు.

ఉత్పత్తిలో సింహభాగం ఇప్పటికీ డీజిల్ జనరేటర్లదే. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపుర్ సమీపాన 2001లో ప్రారంభమైన 5.25 మెగావాట్ల కల్పాంగ్ ప్రాజెక్టు అక్కడి జలవిద్యుత్తుకు ఆధారం. దక్షిణ అండమాన్‌లో గారాచర్మ వద్ద ఎన్టీపీసీ 5 మెగావాట్ల సౌర కేంద్రాన్ని నెలకొల్పింది. 2020లో ఎన్ఎల్‌సీ ఇండియా 20 మెగావాట్ల సౌర కేంద్రాన్ని, 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వ వ్యవస్థతో సహా అందుబాటులోకి తెచ్చింది. ప్రధాన భూభాగంలో 400, 765 కేవీ లైన్లు సర్వసాధారణం కాగా, ఇక్కడి సరఫరాకు వెన్నెముక 33 కేవీ లైన్లే. సంఖ్యల్లో ఇది చిన్న వ్యవస్థే. అయితే చిన్న వ్యవస్థలో ప్రతి పరికరం బరువు పెద్దది. విశాఖపట్నంలో ఒక 33/11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే కొన్ని కాలనీలు కొంతసేపు ఇబ్బంది పడతాయి. మారుమూల దీవిలో అదే జరిగితే ఆసుపత్రి, తాగునీటి పంపులు, చేపల నిల్వ కేంద్రం అన్నీ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

హుద్‌హుద్ నేర్పిన తేడా

2014 అక్టోబరు 8న హుద్‌హుద్ తుపాను అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ సమీపంలో తీరాన్ని దాటింది. నాలుగు రోజుల తర్వాత, అక్టోబరు 12న అదే తుపాను మరింత బలపడి విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకింది. నగరంలో విద్యుత్ స్తంభాలు, లైన్లు నేలకూలినప్పుడు ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి లైన్ సిబ్బంది, సామగ్రి, క్రేన్లు రోడ్డు మార్గాన తరలివచ్చాయి. పునరుద్ధరణ వేగానికి ఆ పొరుగు సాయం ప్రధాన కారణం.

దీవులకు అటువంటి పొరుగు లేదు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా ఓడరేవుల నుంచి శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడ ప్రయాణానికి రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. నిపుణుడు విమానంలో రాగలడు కానీ ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. వచ్చిన సామగ్రిని మళ్లీ మరో ఓడపై కార్ నికోబార్‌కో, క్యాంప్‌బెల్ బేకో చేర్చాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఆ ప్రయాణం కూడా ఆగుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కార్ నికోబార్ వంటి చోట్ల జెట్టీలే ధ్వంసమై, ఓడలు ఒడ్డుకు చేరడమే కష్టమైంది. దేశంలో భూకంప ముప్పు అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఈ దీవులు ఒకటి. విపత్తు వచ్చిన తొలి రోజుల్లో సరఫరాను నిలబెట్టేది ఆ దీవిలో అప్పటికే ఉన్న మనుషులే.

ఉప్పుగాలి, ఎడతెగని తేమ

సబ్‌స్టేషన్ నిర్వహణ పుస్తకంలో ఒక విధంగా, అండమాన్ వాతావరణంలో మరో విధంగా ఉంటుంది. అక్కడ ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ పలకరిస్తాయి. గాలిలో తేమ ఏడాది పొడవునా తగ్గదు.

ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడికి వ్యాకోచించి, చల్లబడి సంకోచిస్తుంది. ఆ క్రమంలో లోపలికి వెళ్లే గాలిలోని తేమను బ్రీదర్‌లోని సిలికా జెల్ పీల్చుకుంటుంది. నీలి రంగు జెల్ గులాబీ రంగుకు మారితే దాని శక్తి అయిపోయినట్టే. పొడి ప్రాంతాల్లో నెలల తరబడి పనిచేసే జెల్ తేమ ప్రాంతంలో త్వరగా రంగు మారుతుంది. దాన్ని గమనించకపోతే తేమ నూనెలో కలుస్తుంది, నూనె నిరోధక శక్తి పడిపోతుంది, చివరకు వైండింగ్ దెబ్బతింటుంది. నూనె నమూనాను 2.5 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్న ఎలక్ట్రోడ్ల మధ్య పరీక్షించి, ఎన్ని కిలోవోల్టుల వరకు తట్టుకుంటుందో చూసే పద్ధతిని అప్రెంటిస్ చేత్తో చేసి నేర్చుకోవాలి. నమూనా సీసాలో తడి ఉన్నా, వానలో నమూనా తీసినా ఫలితం తప్పుతుందన్న మెలకువ అనుభవంతోనే వస్తుంది.

సముద్రం నుంచి వచ్చే ఉప్పు ఇన్సులేటర్లపై పొరగా పేరుకుంటుంది. కుంభవృష్టి దాన్ని కడిగేస్తుంది కానీ సన్నని తుంపర, పొగమంచు ఆ పొరను తడిపి కరెంటుకు దారి చేస్తాయి. అందువల్ల వర్షాలకు ముందే ఇన్సులేటర్లను శుభ్రం చేయడం ఇక్కడ తప్పనిసరి పని. ఎర్తింగ్ పట్టీలు, ఐసోలేటర్ కీళ్లు, ప్యానెల్ బోల్టులు తుప్పు పట్టే వేగమూ ఎక్కువే. బ్రేకర్‌ను ట్రిప్ చేయించే డీసీ బ్యాటరీల టెర్మినళ్లపై పేరుకునే తెల్లటి పొడిని నిర్లక్ష్యం చేస్తే, ఫాల్ట్ వచ్చిన క్షణంలో రిలే ఆదేశమిచ్చినా బ్రేకర్ తెరుచుకోదు. ఇవన్నీ పెద్ద మరమ్మతులు కావు, రోజువారీ శ్రద్ధతో సాగే పనులు. ఆ శ్రద్ధ అలవాటుగా మారాలంటే అభ్యాసకుడు కనీసం ఒక వర్షాకాలం, ఒక పొడి కాలం సబ్‌స్టేషన్‌లో గడపాలి.

చట్టం ఇచ్చేది, ఇవ్వనిది

అప్రెంటిస్ శిక్షణకు ఆధారం 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కనీస స్టైపెండును విద్యార్హతను బట్టి నెలకు రూ.5,000 నుంచి రూ.9,000గా అప్పట్లో నిర్ణయించారు. ఐటీఐ ఉత్తీర్ణులకు అది రూ.7,000. 2016 ఆగస్టులో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో 25 శాతం, గరిష్ఠంగా రూ.1,500 వరకు కేంద్రం భరిస్తుంది. స్టైపెండును రూ.6,800-12,300 శ్రేణికి, అంటే సుమారు 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫార్సు చేసింది.

అయితే ఇదే చట్టం అప్రెంటిస్‌ను కార్మికుడిగా పరిగణించదు, శిక్షణార్థిగానే చూస్తుంది. ఆరోగ్య, భద్రతా నిబంధనల విషయంలో మాత్రం కార్మికులతో సమానమైన రక్షణ ఇస్తుంది. శిక్షణలో గాయపడితే యజమాని పరిహారం చెల్లించాలి. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం లేదు. నియామకాలపై ఎవరి విధానం వారే రూపొందించుకోవాలని 2014 సవరణ సంస్థలకు సూచించింది.

ఈ చట్రం ప్రధాన భూభాగంలో ఎలాగోలా నెట్టుకొస్తుంది. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్‌కు డిస్కం కాకపోతే ఫ్యాక్టరీ, అదీ కాకపోతే భవన నిర్మాణ సంస్థ ఉంటుంది. దీవుల్లో విద్యుత్ రంగంలో ప్రధాన యజమాని పరిపాలన యంత్రాంగంలోని విద్యుత్ శాఖే. ఆ శాఖ తలుపు తెరుచుకోకపోతే శిక్షితుడు చెన్నైకో, విశాఖపట్నానికో ఓడ ఎక్కుతాడు. ఉప్పుగాలిలో అతడు నేర్చిన విద్య దీవిని వదిలిపోతుంది.

దూరం కూడా పెద్ద అడ్డంకే. ఎలక్ట్రీషియన్ కోర్సులు చెప్పే డాలీగంజ్ ఐటీఐ, ఇంజినీరింగ్ విద్య అందించే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ రెండూ రాజధాని పరిసరాల్లోనే ఉన్నాయి. డిగ్లీపుర్ అక్కడి నుంచి రోడ్డు మార్గాన సుమారు 300 కిలోమీటర్లు. క్యాంప్‌బెల్ బేకు సముద్రంపై 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. రూ.7,000 స్టైపెండుతో రాజధానిలో గది అద్దె కట్టి, భోజనం చేసి, ఇంటికి రాకపోకలు సాగించడం నికోబారీ యువకుడికైనా, ఉత్తర అండమాన్ రైతు బిడ్డకైనా కష్టమే. ఫలితంగా శిక్షణ రాజధాని పరిసరాల వారికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. నిపుణుల అవసరం ఎక్కువగా ఉన్నది మారుమూల దీవుల్లో కావడమే ఇక్కడి వైరుధ్యం.

ఈ అంశం తెలుగువారికి దూరమైనదేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3.80 లక్షల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వలస వెళ్లిన కుటుంబాల తర్వాతి తరాలు ఇప్పుడు సాంకేతిక ఉద్యోగాల వైపు చూస్తున్నాయి.

ప్రాణం నిలిపే క్రమశిక్షణ

అప్రెంటిస్ మొదట నేర్వాల్సింది పని చేయడం కాదు, ఎప్పుడు చేయకూడదో తెలుసుకోవడం. లైన్ క్లియర్ తీసుకోవడం, ఐసోలేటర్ తెరుచుకున్నట్టు కంటితో చూసి నిర్ధారించుకోవడం, వోల్టేజీ లేదని పరీక్షించడం, తాళం వేసి హెచ్చరిక పలక తగిలించడం, డిశ్చార్జ్ రాడ్‌తో ఎర్త్ చేయడం. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా ప్రాణం పోవచ్చు. పలుచోట్ల నుంచి ఉత్పత్తి కలిసే వ్యవస్థలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఒకవైపు బ్రేకర్ తెరిచినా, మరోవైపు వినియోగదారుడి జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి లైన్‌లోకి రావచ్చు. సౌర ఫలకాలు పగలంతా కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి. బ్యాటరీ గదిలోని డీసీ వోల్టేజీ ఒక స్విచ్ ఆపినంతనే మాయం కాదు.

సిబ్బంది కొరత ఉన్నచోట అప్రెంటిస్‌ను లెక్కలోని మనిషిగా వాడుకోవాలన్న ఒత్తిడి సహజం. రాత్రి షిఫ్టులో ఆపరేటర్ పక్కన నేర్చుకోవాల్సిన వాడు ఆపరేటర్ స్థానంలోనే కూర్చుంటే అది శిక్షణ అనిపించుకోదు. చవకైన శ్రమ అవుతుంది, ప్రమాదానికి ఆహ్వానమూ అవుతుంది. నిర్వహణ సిబ్బందికి తగిన విద్యార్హత, శిక్షణ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అవి కాగితం దాటి షిఫ్టు పట్టికలో కనిపించాలి.

రేపటి పనికి నిన్నటి పాఠమా?

20 మెగావాట్ల సౌర కేంద్రానికి తోడుగా ఉన్న బ్యాటరీ వ్యవస్థ, మబ్బు కమ్మినప్పుడు ఉత్పత్తిలో వచ్చే ఒడుదొడుకులను సర్దుబాటు చేస్తుంది. దాని వెనుక ఇన్వర్టర్లు, నియంత్రణ సాఫ్ట్‌వేర్, సమాచార వలయం పనిచేస్తాయి. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. అందులో గ్యాస్, సౌరశక్తి ఆధారిత 450 ఎంవీఏ విద్యుత్ కేంద్రం ఒక భాగం. అడవులు, ఆదివాసుల హక్కుల కోణంలో ఆ ప్రాజెక్టుపై తీవ్ర అభ్యంతరాలున్నాయి. అది ఏ రూపంలో ముందుకు సాగినా, అంతటి కేంద్రాన్ని నడిపే చేతులు ఎక్కడివన్న ప్రశ్న మిగులుతుంది. దీవుల యువతను ఇప్పటినుంచే సిద్ధం చేయకపోతే ఆ ఉద్యోగాలకు ప్రధాన భూభాగం నుంచే మనుషులు రావలసి ఉంటుంది.

కేంద్రపాలిత ప్రాంతాల్లో విద్యుత్ పంపిణీని ప్రైవేటుపరం చేస్తామని కేంద్రం 2020 మేలో ప్రకటించింది. చండీగఢ్‌లో 2025 ఫిబ్రవరిలో ఆ మార్పు జరిగింది. అండమాన్‌లో పంపిణీ ఎవరి చేతిలో ఉన్నా, శిక్షణ బాధ్యత ఎవరిదో ముందుగానే ఒప్పందంలో రాసుకోవాలి. లాభనష్టాల లెక్కలో శిక్షణ ఖర్చు తేలిగ్గా కోతకు గురయ్యే పద్దు. దాని ఫలితం మాత్రం అయిదారేళ్ల తర్వాత, అనుభవజ్ఞులు విరమణ పొందినప్పుడు బయటపడుతుంది.

చేయవలసినవి

దిద్దుబాటుకు పెద్ద పథకాలు అక్కర్లేదు. బయటి దీవుల అప్రెంటిస్‌లకు వసతి, ఓడ చార్జీల భారాన్ని స్టైపెండుకు అదనంగా భరించాలి. ఏడాదిలో కొంతకాలం వారు తమ సొంత దీవి సబ్‌స్టేషన్‌లోనే పనిచేసేలా శిక్షణ ప్రణాళిక ఉండాలి. నైవేలీలో జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థ కేంద్రం ఉంది. రిలే పరీక్షలు, బ్యాటరీ నిల్వ వంటి అంశాలకు అక్కడ స్వల్పకాలిక కోర్సులు ఏర్పాటు చేయవచ్చు. విరమణ పొందిన లైన్‌మెన్, ఆపరేటర్ల అనుభవాన్ని శిక్షకుల రూపంలో వినియోగించుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, నియామకాల్లో స్థానిక సబ్‌స్టేషన్ శిక్షణకు ఎంత ప్రాధాన్యం ఇస్తారో విద్యుత్ శాఖ స్పష్టమైన విధానంగా ప్రకటించాలి. చట్టం కోరుతున్నదీ ఆ విధానమే.

ఈ పనులకయ్యే ఖర్చును సంక్షేమ పద్దులో కాక, సరఫరా భద్రత పద్దులో చూడాలి. దీవుల కోసం విడి ట్రాన్స్‌ఫార్మర్లను ముందుగా నిల్వ ఉంచుకోవడం ఎంత అవసరమో, వాటిని బిగించగల మనుషులను ముందుగా సిద్ధం చేసుకోవడమూ అంతే అవసరం. విడిభాగం ఆలస్యంగానైనా ఓడలో వస్తుంది. పని తెలిసిన మనిషిని తయారుచేయడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.