మోటారు లావు చూసి మోసపోకండి

మా గరాజులో ఒక చిన్న మిల్లింగ్ మెషీనుంది. సీగ్ ఎక్స్2 అని, చైనా సరుకు. ఇక్కడ అమెరికాలో రకరకాల రంగులేసి రకరకాల పేర్లతో అమ్ముతారు. చేత్తో చక్రాలు తిప్పీ తిప్పీ విసుగొచ్చి, దీనికి బాల్‌స్క్రూలూ మోటార్లూ బిగించి సీఎన్‌సీ చేసేద్దామనుకున్నాను. పగలంతా కోడు రాసేవాడికి ఇదో లెక్కా అని ధీమా. అక్కడే దెబ్బ తిన్నాను.

మోటార్లు కొనేటప్పుడు చాలామంది చేసే పనే నేనూ చేశాను. హోల్డింగ్ టార్క్ అనే అంకె దేనికి ఎక్కువుంటే అది కొనెయ్యడం. నెమా 23 సైజులో 3 న్యూటన్ మీటర్లు! డబ్బంతా వాటికే అయిపోయింది గనక, మిగిలినదాంట్లో మూడు డ్రైవర్లూ ఒకే బోర్డు మీదున్న చవక సరుకొకటి, 24 వోల్టుల పవర్ సప్లై ఒకటి తెచ్చాను.

మొదటి పని ఇంట్లో ఇడ్లీ పిండి గ్రైండరుకి. దాని రాయిని పట్టి ఉంచే బ్రాకెట్ విరిగి మూణ్ణెల్లయింది, స్పేరు ఇక్కడ దొరకదు. అల్యూమినియం ముక్క బిగించి, ప్రోగ్రాం నడిపించి, కాఫీ కలుపుకొచ్చి చూద్దును కదా, రెండో కన్నం ఉండాల్సిన చోటికి 4 మిల్లీమీటర్లు పక్కన పడింది. స్క్రీను మీద మాత్రం మూడు దశాంశ స్థానాల దాకా అంతా సవ్యం! మా ఆవిడ ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి "ఇది మన గ్రైండరుకేనా?" అంది. అంతే.

స్టెప్పర్ మోటారు పద్ధతే అంత. పల్సుకో అడుగు వెయ్యమని చెబుతాం, వేసిందో లేదో కనుక్కోం. పోస్టు డబ్బాలో ఉత్తరం పడేసి అందిందనుకోవడం లాంటిది. స్క్రీను మీది అంకె మనం పంపింది, మెషీను చేరుకున్నది కాదు. ఆఫీసులో ఇలాంటి కోడు ఎవరైనా రాస్తే నేనే చివాట్లు పెడతాను.

అసలు తప్పెక్కడంటే, హోల్డింగ్ టార్క్ అన్నది నిలబడి ఉన్న మోటారు బలం. నాక్కావల్సింది పరిగెత్తేటప్పటి బలం. ఎద్దుని గుంజ దగ్గర నిలబెట్టి చూసి కొంటామా, నాలుగడుగులు నడిపించమూ?

లెక్క చూడండి. స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. నిమిషానికి 1500 మిల్లీమీటర్ల వేగమంటే 300 చుట్లు. చుట్టుకి 200 అడుగులు కాబట్టి సెకనుకి 1000, అంటే ఒక్కో అడుగుకి ఒక్క మిల్లీసెకను. ఆ లోపల కాయిల్లో కరెంటు పూర్తిగా ఎక్కాలి. నా లావు మోటారు ఇండక్టెన్స్ 6.8 మిల్లీహెన్రీలు. 24 వోల్టులతో 3 ఆంపియర్లు ఎక్కడానికే సుమారు 0.85 మిల్లీసెకన్లు, అదీ మిగతా నష్టాలన్నీ వదిలేస్తే. ఇహ తోసేదెప్పుడు? అదే 2.25 మిల్లీహెన్రీల మోటారుకి 48 వోల్టులిస్తే 0.14 చాలు. హోల్డింగ్ టార్క్ తక్కువున్న మోటారే పరుగులో గెలుస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం: ముందు ఇండక్టెన్స్ చూడండి, తర్వాత వోల్టేజీ, ఆ తర్వాతే టార్క్. ఇండక్టెన్స్ మిల్లీహెన్రీల్లో వేసి, దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే మోటారుకి ఇవ్వదగ్గ గరిష్ఠ వోల్టేజీ వస్తుందని గెక్కోడ్రైవ్ వాళ్ళ సూత్రం ఒకటుంది. 2.25కి సరిగ్గా 48. డ్రైవరు మాత్రం 80 వోల్టులు తట్టుకునేది కొనండి, 50 వోల్టులది కాదు. బరువైన టేబుల్ ఆగేటప్పుడు మోటారే జనరేటరై కరెంటు వెనక్కి తోస్తుంది. మూడిటికీ మూడు విడి డ్రైవర్లుంటే ఒకటి పోయినా మిగతావి బతుకుతాయి. అన్నట్టు, పవర్ ఉండగా మోటారు వైరు పీకకండి. నేను పీకాను, డ్రైవరు పోయింది.

పల్సులు పంపడానికి కూడా పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. అడుగుని ఎనిమిది భాగాలు చేసినా పై వేగానికి సెకనుకి 8000 పల్సులే. జీఆర్‌బీఎల్ ఎక్కించిన ఆర్డుయినో ఊనో 16 మెగాహెర్ట్‌జ్‌తోనే ఆ పని నిక్కచ్చిగా చేస్తుంది. గిగాహెర్ట్‌జ్‌ల ల్యాప్‌టాప్ మాత్రం మధ్యలో ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆగుతుంది. మామూలు పీసీతోనే చెయ్యాలంటే లైనక్స్‌సీఎన్‌సీకి రియల్ టైం కెర్నెల్ కావాల్సింది అందుకే.

సర్వోలు కొనమనేవాళ్ళున్నారు. ఇంత చిన్న మెషీనుకి దండగనిపిస్తుంది. ఎన్‌కోడరున్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లైతే సరే, కానీ వాటి అలారం వైరుని కంట్రోలరుకి కలపాలి. కలపకపోతే ఆ డ్రైవరు ఎర్ర లైటు వెలిగించుకుని కూర్చుంటుంది, మిగతా రెండూ పని కానిస్తూనే ఉంటాయి.

మోటార్లు మార్చాక బ్రాకెట్ కుదిరింది. లావు మోటార్లలో ఒకదాన్ని జెడ్‌కి ఉంచేశాను, అక్కడ వేగం తక్కువ, బరువెక్కువ. ఓ రాత్రి పవర్ ఆపగానే తల జర్రున జారి వైసు మీద పడి కట్టరు విరిగింది. బాల్‌స్క్రూ మామూలు స్క్రూలాగా పట్టుకుని ఉండదు మరి. గ్యాస్ స్ప్రింగ్ ఆర్డరిచ్చాను. అదొచ్చేదాకా పవర్ ఆపేముందు తల కింద చెక్కదిమ్మ పెడుతున్నా.