సల్ఫేషను అను మాట

"సల్ఫేషను అననేమి?" అను ప్రశ్నకు మన విద్యార్థులు వ్రాయు జవాబు తరచుగ నొక్కటే: "సల్ఫేటును చేర్చుట." తప్పు కాదు. కాని సల్ఫేటనగా నేమి, దేనికి చేర్తురు, చేర్చిన నేమగును అని యడిగితిమా, తరగతి యంతయు నిశ్శబ్దము. ఇది ధాన్యమును పారబోసి పొట్టును గాదెకెత్తుట యని మా యభిప్రాయము.

వాసననుబట్టి మనము గంధకమన్నదానిని లాటినువారు "సుల్పుర్" అనిరి. ఈ మాట "రాగికి శత్రువు" అను నర్థముగల సంస్కృతపు "శుల్వారి" నుండి పుట్టినదని కొందరు గర్వముతో బోధింతురు. చెవికింపుగనే యున్నది గాని భాషాశాస్త్రజ్ఞులు దీని నంగీకరింపరు. నిజముకాని గౌరవము మనకేల?

మాట తోకనున్న "ఏటు" 1787లో గీటన్ ద మోర్వో, లెవోయిజరు మొదలగు ఫ్రెంచి పండితులు ప్రకటించిన నామకరణ పద్ధతిలోనిది. ఆమ్లజని హెచ్చుగ నున్న గంధకామ్లపు లవణము సల్ఫేటు. తక్కువగనున్న యామ్లపు లవణము సల్ఫైటు. పచారి దుకాణములో దొరకు మైలుతుత్తము రాగి సల్ఫేటే; అన్నభేది ఇనుప సల్ఫేటే. పేరెరుగకయే మన పెద్దలు వీనిని వాడుచుండిరి.

ఇక చేర్చుట యెట్లన, ఆముదమును చూడుడు. అది నీటితో కలియదు. దానిని చల్లగ నుంచుచు గంధకామ్లమును కొంచెము కొంచెముగ కలిపి, కడిగి, క్షారముతో సరిచేసినచో నీటితో కలియు "టర్కీ రెడ్ ఆయిలు" అగును. అద్దకమువారికిది మిక్కిలి యుపయోగకరము. ఆముదములో కర్బనమునంటియున్న ఆమ్లజనిమీద గంధకము వచ్చి కూర్చుండుటయే ఇందలి సల్ఫేషను. గంధకము నేరుగ కర్బనమునే పట్టుకొన్నచో నది సల్ఫొనేషను. నడుమ నొక్క ఆమ్లజని పరమాణువే భేదము! అయినను మొదటిది ఆమ్లజలములో కాచిన విడిపోవును. రెండవది సాధారణముగ చెక్కుచెదరదు. ఈ రెంటిని కలగాపులగము చేయని జవాబుపత్రము అరుదు.

మన కాలేయము సైతము ఈ పని చేయుచున్నది. ఫినాలు దేహములో సల్ఫేటుతో కూడి మూత్రమున వెలువడునని 1876లో బౌమను అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. జ్వరమునకు మ్రింగు పారాసిటమాలులో కొంత భాగము నిట్లే వెలువడును. మోటారుబండి బ్యాటరీలో సీసపు పలకలమీద సల్ఫేటు గట్టిపడుటకును ఇదే పేరు; అచ్చట నది రోగము.

కావున ప్రశ్నపత్రములు కూర్చు మిత్రులకు మా మనవి యొకటి. "సల్ఫేషను అననేమి?" అని యడుగక, ఆముదము నీటితో నెట్లు కలిసెనో వ్రాయుమని యడుగుడు.